ఆటోనగర్ మేడ మీద యుకులేలే

పింఛనుదారులం ఏటా ఒకసారి మేమింకా బతికే ఉన్నామని యంత్రానికి వేలిముద్ర వేసి నచ్చజెప్పుకోవాలి కదా, మొన్న ఆ పని మీద వెళ్లి ఎడమచేతి వేలు పెడితే ఒక్కసారికే పచ్చదీపం వెలిగింది. పక్కనున్నవాళ్లు అదృష్టమన్నారు గానీ నాకు మాత్రం మనసు చివుక్కుమంది. కొన్నేళ్ల కిందట ఆ వేళ్ల కొసలు తీగలు నొక్కి నొక్కి కాయలు కాసి ఉండేవి, ఎన్నిసార్లు పెట్టినా యంత్రం నన్ను ఒప్పుకునేది కాదు.

ఉద్యోగ విరమణ తరువాత నేను యుకులేలే నేర్చుకున్నాను, మీరు నవ్వుకున్నా ఫరవాలేదు. గిటారుకు చంటిచెల్లెలిలా నాలుగు తీగలతో ఉండే వాయిద్యం అది. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణం మూసి ఉండే ఆదివారాల్లో, మేడ మీద గదిలో, ఆ దుకాణం యజమాని కొడుకే నాలాంటి కొందరికి పాఠం చెప్పేవాడు. నా కొడుకు కన్నా చిన్నవాడు కావడంతో నేను మాస్టారూ అని పిలిస్తే సిగ్గుపడి తల దించుకునేవాడు.

నాకున్న జబ్బు ఒక్కటే, తప్పితే మళ్లీ మొదటికి వెళ్లిపోవడం. చిన్నప్పుడు ఉయ్యూరులో మా పెదనాన్నగారి దగ్గర వీణ నేర్చుకున్నాను. ఒక్క స్వరం తప్పినా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలన్నది ఆయన పద్ధతి. ఒక దసరా పేరంటంలో చుట్టాలందరి ముందు తప్పి మొదటికి, మళ్లీ తప్పి మళ్లీ మొదటికి వస్తూ ఉంటే, ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయి చివరికి మా అక్క ఒక్కతే చాప మీద మిగిలింది. ఆ తరువాత నేను వీణ ముట్టలేదు.

మాస్టారిది అందుకు పూర్తిగా ఎదురు పద్ధతి. పాట ఎవరి కోసమూ ఆగదనీ, తప్పితే అందిన చోట అందుకోవాలనీ చెప్పేవాడు.

"సిటీ బస్సు తప్పిపోతే మళ్లీ డిపో దాకా ఎళ్తామా ఆంటీ, తర్వాతొచ్చేది ఎక్కుతాం గానీ" అన్నాడొకసారి. అందరితోపాటు నేనూ నవ్వాను, కానీ నా చెయ్యి వినేది కాదు.

పాఠాలు ముగిసే చివరి ఆదివారం ఒక్కొక్కరూ ఇంటివాళ్ల ముందు ఒక పాట వాయించాలన్నాడు. మా అమ్మ పాడే లాలిపాట ఎంచుకుని, పిలవాలా వద్దా అని వారమంతా కొట్టుమిట్టాడి, ఆఖరికి అక్కను పిలిచాను. ఈసారీ మొదటికి వస్తే ఇక జన్మలో ఏ వాయిద్యమూ ముట్టకూడదని గట్టిగా అనుకున్నాను.

రెండో చరణంలో వేలు తప్పింది. చెయ్యి ఆగిపోయింది. ముందు వరుసలో అక్క కుర్చీ చేతులు బిగించి పట్టుకుని కూర్చుంది. పాట మొదట్లో నొక్కే తీగల మీదకు నా వేళ్లు వాటంతటవే వెళ్లిపోతున్నాయి. భయంతో మాస్టారి వైపు చూశాను. అతను తన వాయిద్యం తీసుకోలేదు, సిమెంటు గచ్చు మీద కాలితో తాళం మాత్రం ఆపలేదు. పాటలో ఒక పంక్తి దాటిపోయింది. ఇంకొకటి పోయింది. మూడో చరణం ఎత్తుకునే చోట కళ్లు మూసుకుని అందుకున్నాను, ఇక చివరి దాకా ఆగలేదు.

మెట్లు దిగుతూ అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆ దసరాకి నేనన్నా ఇట్టా తాళం ఎయ్యాల్సింది. నాకు తెలీలా" అంది.

ఆ తరువాత కొన్నాళ్లకు అక్క కాలం చేసింది. మాస్టారు ఏదో ఉద్యోగం దొరికి ఊరు వదిలాడు, ఆ గదిలో ఇప్పుడు టైర్లు పెడుతున్నారట. నేను కొన్నాళ్లు ఫోనులో పాఠాలు చూశాను. తప్పినప్పుడల్లా వేలితో వెనక్కి జరిపి మొదటి నుంచి పెట్టుకోవచ్చు, ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చెబుతారు. నేను ఆగిపోయానని తెలిసి, అందుకుంటానన్న నమ్మకంతో ఎదురుగా తాళం వేస్తూ కూర్చునే మనిషి మాత్రం అందులో లేడు. అలా వెనక్కి జరుపుకుంటూ, జరుపుకుంటూ, ఒకనాడు మొదటి దగ్గరే ఆగిపోయాను.