కొత్తింటికి చేరిన చేపలు

ఈ రోజు అమలాపురం నుంచి రాజోలుకి ఇల్లు మారాం. పెద్ద అక్వేరియం వ్యానులో వచ్చింది. తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లనూ బకెట్లో వేసుకుని, కాళ్ల మధ్య పెట్టుకుని ఆటోలో నేనే తెచ్చాను. అన్నీ బతికే వచ్చాయి. వాటిని త్వరగా వదిలేయాలన్న తొందరలో కుళాయి నీళ్లు పట్టి అక్వేరియం నింపేశాను. గంటలోపే ఒక్కొక్కటిగా వెల్లకిలా తేలాయి.

చూడడానికి వచ్చిన ఇంటి ఓనరు గారు, “ఈ నీళ్లలో బ్లీచింగ్ ఎక్కువండీ. ఒక రోజు నిలవ ఉంచి పోయాల్సిందమ్మా,” అన్నారు.

తొమ్మిదింటినీ పెరట్లో పాతిపెట్టి వచ్చేసరికి మస్కట్ నుంచి మా ఆయన ఫోన్. మొన్న సెలవుకి వచ్చినప్పుడు ఆయన కొన్న చేపలవి.

“చేపలన్నీ బాగా చేరేయా?”

“ఆయ్, చేరేయండీ.”

అబద్ధం కాదు, చేరేదాకా బాగానే ఉన్నాయి. రేపు మళ్లీ అడిగితే ఏం చెప్పాలో మీరెవరైనా చెప్పండి.