మాట పూర్తయ్యేదాకా ఆగిన ఓనరమ్మ

మా ఓనరమ్మ పోయిందని మంగళవారం పొద్దున ఆవిడ కోడలు ఫోన్ చేసింది. ఫోన్లో నా మాట చాలామందికి అర్థం కాదు. కోడలు మాత్రం నేను "ఎప్పుడు?" అని పూర్తిగా అనేదాకా ఊరుకుని, ఆ తరవాతే జవాబు చెప్పింది. ఆ ఇంట్లో ఆ పద్ధతి ఎలా వచ్చిందో మీకు చెప్పాలి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో చైతన్యపురిలో ఆవిడ ఇంటి కింది వాటాలోకి కిరాయికి వెళ్లాం. మాది తెనాలి వైపు. ఆవిడది నల్లగొండ దగ్గర పల్లె, ఉద్యమమంటే ప్రాణం. మాకు ఇల్లిస్తుందా అని నాన్న బెంగపడ్డారు. ఆవిడ నా చక్రాల కుర్చీని ఓసారి చూసి, మేం దిగేలోగా గేటు దగ్గరి మెట్టు పగలగొట్టించి ఏటవాలుగా సిమెంటు పోయించింది.

సామాన్లు దించుతుండగానే నా ఎదురుగా కూర్చుంది. "ఏమైంది బిడ్డా నీకు?"

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఆ ప్రశ్న అందరూ మా అమ్మనే అడిగేవారు, నేను పక్కనుండగానే.

చెప్పాను. పుట్టినప్పుడు ఊపిరందక మెదడులో కొంత దెబ్బతిందని, దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని, అందరికీ ఒకేలా ఉండదని, నాకైతే కాళ్లూ చేతులూ నాలుకా చెప్పిన మాట వెంటనే వినవని, బుర్ర మాత్రం బాగానే ఉందని. పది నిమిషాలు పట్టింది.

"గట్లనా! మరి ఏం చదువుతున్నవ్?" అంది.

మర్నాటినుంచి ఓనరమ్మ గల్లీకంతటికీ నా డాక్టరైపోయింది. కూరగాయల బండి ఆపి మరీ, "దిమాక్ మస్తుంటది ఆమెది. చేతులూ కాళ్లే జర మాట ఇనవ్" అని చెప్పేది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నన్నెవరేం అడిగినా నేను నోరు తెరిచేలోపే తనే జవాబు చెప్పేసేది. నాకు కాకరకాయ గిట్టదని ఊరంతా చాటింది. కాకరకాయ వేపుడు నేను లొట్టలేసుకుంటూ తింటాను!

నెల్లాళ్లు ఓర్చుకున్నాను. ఓ రోజు కోపమొచ్చింది. నా కోపం కూడా నెమ్మదిగానే బయటికొస్తుంది, అదో చిక్కు. "ఆంటీ, మీరు మంచివాళ్లే. కానీ నా మాట నన్ను చెప్పనివ్వడం లేదు." ఇల్లు ఖాళీ చెయ్యమంటుందేమోనని అమ్మ భయపడింది.

ఓనరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "తప్పయింది బిడ్డా. నువ్వు తిప్పల పడుతుంటే సూడలేక చెప్పిన."

"తొందరపెడితేనే ఒళ్లు బిగుసుకుపోతుందాంటీ. ఆగితే మాట వచ్చేస్తుంది."

"అయితే ఆగుత."

ఆగడం ఆవిడకు తేలిక కాదు. పెదాలు బిగబట్టి, కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చునేది. అది చూసి నాకు నవ్వొచ్చేది, నవ్వితే మాట ఇంకా ఆలస్యమయ్యేది. ఇప్పుడు ఎల్బీనగర్‌లో నా ఆఫీసుకు ఎవరు కొత్తగా వచ్చినా, నేను మాట్లాడేటప్పుడు కాస్త ఆగమని మొదటిరోజే చెప్తాను. అలా అడగొచ్చని నాకు ధైర్యమిచ్చింది ఆవిడే.

కొన్నాళ్లకు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. నిరసనగా నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే తినడం. పప్పు వంతు ఓనరమ్మది. "నువ్వు గూడ రా" అని నా కుర్చీ తనే తోసుకెళ్లింది. పప్పు దించగానే రుచి చూడమని ఓ ముద్ద నా నోట్లో పెట్టింది. డప్పు మోగినప్పుడల్లా నా చేతులు ఎగిరిపడుతున్నాయి, అదీ పాల్సీ గుణమే. జనం నవ్వుతారేమోనని, నా యాస విని ఏమంటారోనని బిక్కుబిక్కుమంటూ ఉన్నాను.

మైకు పట్టుకున్న పెద్దాయన నన్ను చూసి ఆవిడను అడిగాడు. "అమ్మా, ఈ పిల్లకు పప్పన్నం పడ్తదా?"

జవాబు ఆవిడకు తెలుసు. రోజూ ఆవిడ పప్పు తింటున్నదాన్నే.

"నన్నేం అడుగుతవ్? ఆమెకు నోరున్నది. జర ఆగు, చెప్తది."

ఆయన మైకు నా ముందు పెట్టాడు. డప్పు ఆగింది. నా ఒళ్లు కర్రలా బిగుసుకుంది. "పడ్తది తియ్యన్నా" అని వెనక ఎవరో అందించబోతే ఓనరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"పడుతుంది," అన్నాను చివరికి. "కానీ... ఉప్పు... వెయ్యలేదు."

రోడ్డంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది పప్పు వండినావిడే.

ఆ నవ్వుకు ముందటి నిమిషం మంగళవారం నుంచీ నా కళ్లముందే ఉంది. పొయ్యి పొగకు కళ్లు నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, ఓ చేత్తో గరిటె పట్టుకుని, ఇంకో చెయ్యి పైకెత్తి అంతమందినీ ఆపి, నా పెదాల వంకే చూస్తూ నిలబడిన ఓనరమ్మ.