తిట్లు తినే మెషీన్

మా డాక్టర్ శ్రీరామమూర్తి గారికి లోకంలో అందరి మీదా నమ్మకమే, ఒక్క తన మెషీన్ మీద తప్ప. దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ ప్లాట్లకు కంకర తోలుతున్న రోజుల్లో, మెయిన్ రోడ్డు మీద మెదడు ఫొటోలు తీసే ఎంఆర్ఐ మెషీన్ పెట్టుకున్న మనిషి, వచ్చినవాళ్ళందరితో "ఇది పచ్చి అబద్ధాలకోరు, దీన్ని నమ్మకండి" అనేవారు. హోటలాయన గల్లాపెట్టె దగ్గర కూచుని "మా ఇడ్లీ తినకండి" అన్నట్టుండేది. దాన్ని నడిపే నాకు తల కొట్టేసినట్టయ్యేది.

ఓసారి కిష్టమ్మ అనే పెద్దావిడ బుగ్గన పాన్ పెట్టుకుని లోపల పడుకుంది. నములుతూనే ఉంది. గాలికి యాంటెనా తిరిగిన టీవీలోలాగా ఒక మెదడు మీద ఇంకో మెదడు పడింది. నేను పాన్ సంగతి ఎత్తబోతే సారు నన్నాపి, మెషీన్‌కు ఇవాళ మనసు బాగోలేదమ్మా, మీరు నోరు కడుక్కొచ్చేలోపు కుదురుకుంటుందన్నారు. ఇనుప తీగతో బిగించిన పెట్టుడు పళ్ళ సంగతి దాచిన రామచంద్రం గారి ఫొటోలో సగం మొహం మాయమైతే, అప్పుడూ తిట్లు మెషీన్‌కే. ఆ తిట్లు విని రిపేరుకొచ్చిన ఇంజనీరు, దీనికే రోగమూ లేదని తల పట్టుకుని పోయేవాడు.

ఒకరోజు మన్సూరాబాద్ నుంచి అనంతమ్మ, తలనొప్పితో బాధపడుతున్న కోడలు ఆండాలును తీసుకొచ్చింది. వాళ్ళది పోచంపల్లి చీరల దుకాణం. కానీ అనంతమ్మ చీరల కన్నా కోడలి బారెడు జడ గురించే ఎక్కువ చెప్పేది. ఫొటోలో తల వెనక పెద్ద నల్ల గుంత కనబడింది. సారు ఇంకా రాలేదు. మా చిన్న డాక్టరు అది చూసి, గడ్డ ఉంది, తల తెరవాల్సిందే అనేశాడు.

అనంతమ్మ కుర్చీలో కూలబడింది. "నా కోడలి తల కోస్తరా? గంత జడ తీసేస్తరా?"

ఆండాలు తన జడను గట్టిగా పట్టుకుంది.

అంతలో సారు వచ్చి ఫొటోను వెలుతురుకు పెట్టారు. గడ్డయితే పుర్రె లోపలే ఉండాలి. ఈ నలుపు పుర్రె దాటి జుట్టు దాకా పాకింది. నాకు వేలితో చూపించి, ఆండాలు జడ వైపు ఓసారి చూసి, గొంతు పెంచారు. "మళ్ళీ అబద్ధమాడింది వెధవ మెషీన్. అందరూ బయటికి నడవండి."

నన్నూ, ఆయా కౌసల్యమ్మనూ మాత్రం ఉండమన్నారు. నన్ను గోడ వైపు తిప్పి, తనూ తిరిగి నిలబడ్డారు. "అమ్మా, జుట్టులో సన్నటి ఇనుప తీగ ఉన్నా ఇది ఇలాగే బొంకుతుంది. ఏమైనా ఉంటే కౌసల్యమ్మకివ్వండి."

ఆండాలు గొంతు తగ్గించింది. "పెండ్లికి ముందు టైఫాయిడ్ల జుట్టు పోయింది సారూ. మల్ల గంత పెరగలే. మా అత్తమ్మకు ఎరుకైతదా?"

"నేనే చూడలేదు. ఆవిడకెలా తెలుస్తుంది?"

తీగతో కుట్టిన సవరం కౌసల్యమ్మ సంచిలోకి వెళ్ళింది. ఈసారి ఫొటో శుభ్రంగా వచ్చింది. గుంతా లేదు, గడ్డా లేదు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. సవరం మళ్ళీ తలకెక్కాక సారు తలుపు తీసి, నొప్పంతా జడ బరువు వల్లేనని, ఇకనుంచి పొట్టి జడే వేసుకోవాలని అనంతమ్మకు గట్టిగా చెప్పారు. అది మాత్రం నిజమే. నా కోడలి జడ డాక్టర్లకే పరేషాన్ తెచ్చిందని మురిసిపోతూ వెళ్ళింది ఆవిడ.

పాపం మెషీన్ తప్పేముంది సార్, దానికెందుకిన్ని తిట్లు అని అడిగాను.

"దానికి అత్తగారు లేరు కదా మల్లేశం" అన్నారు.

ఆ దసరాకు మేం ఆయుధపూజ చేస్తుంటే ఆండాలు పొట్టి జడతో వచ్చింది. మెషీన్‌కు కుంకుమబొట్టు పెట్టి, దండం పెట్టి, "నా కోసం మాట పడ్డవు" అంది మెల్లగా.

సారు అప్పటికే గోడ వైపు తిరిగి నిలబడ్డారు.