రాజవ్వ చేతులు ఆగిన పదకొండు రోజులు

స్నానం చేయించి పీట మీద నుంచి లేపుతుంటే నా భార్య రాజవ్వ నన్ను చెంప మీద కొట్టింది. నలభై ఆరేళ్ల కాపురంలో అలాంటిది ఎన్నడూ లేదు. ఏదో తేడా వచ్చిందని ఆ ఉదయమే తోచింది. జబ్బు ముదిరిందనుకున్నాను.

రాజవ్వకు డిమెన్షియా వచ్చి నాలుగేళ్లు. మాటలు చాలావరకు పోయాయి. చేతులు మాత్రం బీడీలు చుట్టడం మరవలేదు. తునికాకు, చాట లేకపోయినా చీర కొంగు అంచునే పొద్దంతా చుడుతూ ఉండేది.

నేను చిన్నకోడూరు మండల ఆఫీసులో ఏళ్ల తరబడి వర్షపాతం నమోదు చేసి రిటైరయ్యాను. చుక్క పడని రోజున కూడా సున్నా అని రాయాలి. ఆ అలవాటుతోనే ఆమె తిండి, నిద్ర, కోపం రోజూ డైరీలో రాస్తున్నాను.

చెంపదెబ్బ సంగతి చెబితే దగ్గర్లోని డాక్టర్ "ఈ జబ్బులో అగ్రెషన్ మామూలే" అని నిద్రమాత్ర రాశాడు. రాజవ్వ శాంతించింది. కుర్చీలో కదలకుండా కూర్చునేది. నొప్పి ఉందా అని రోజూ అడిగితే "లేదు" అనేది. పదకొండు రోజులు వరుసగా "మంచి రోజు" అని రాశాను.

పన్నెండో రోజు బాలమణి వచ్చింది. ఒకప్పుడు రాజవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టిన మనిషి. కాసేపు చూసి, "బావా, అక్క చేతులు ఎప్పటిసంది ఆగినయ్?" అని అడిగింది.

ఇప్పుడు నెమ్మదిగా ఉంటోందని చెప్పాను.

"గది నెమ్మదా? పెద్దోడు పుట్టిన తొమ్మిదో నాడే చాట ఒళ్లె పెట్టుకున్నది. జరమొచ్చినా ఆపలే. ఇప్పుడు ఆపిందంటే ఏదో అయింది. అన్నీ రాస్తవు గదా, గది రాసినవా?"

రాయలేదు. మరునాడు ఇద్దరం ఆమెను ఆటోలో సిద్దిపేట దవాఖానకు తీసుకెళ్లాం. నొప్పి ఉందా అమ్మా అని అక్కడి డాక్టరమ్మ కూడా అడిగింది. రాజవ్వ లేదంది. డాక్టరమ్మ ఆ జవాబు రాసుకోలేదు. మెల్లగా లేపి నిలబెట్టమని చెప్పి, ఆమె ముఖాన్నే చూసింది. రాజవ్వ కనుబొమలు ముడిపడ్డాయి, ఊపిరి బిగబట్టింది, పిడికిలి బిగించింది.

"పెద్దాయనా, మీరు అడిగేది ఆమెకు అర్థమైతలేదు. లేదు అనుడు అలవాటుగా వచ్చే మాట. కూర్చున్నప్పుడు చూస్తే నొప్పి తెల్వదు. కదిపినప్పుడు చూడాలె."

ఎక్స్-రేలో నడుము దగ్గర వెన్నుపూస నలిగి ఉంది. కంప్రెషన్ ఫ్రాక్చర్ అన్నారు. ఎప్పుడు పడిందని అడిగితే డైరీ తిరగేశాను. చెంపదెబ్బకు రెండు రోజుల ముందు నా చేతిరాతలోనే ఉంది: "గడప దగ్గర కూలబడింది. దెబ్బ లేదు. అడిగితే లేదంది."

నడుముకు బెల్టు పెట్టారు. నొప్పి మాత్రలు అడిగినప్పుడు కాకుండా వేళకు ఇవ్వమన్నారు. నిద్రమాత్ర మెల్లగా మాన్పించారు. నొప్పిని కొలిచే ఒక కాగితం కూడా ఇచ్చారు. ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరుకుంటుందా లేదా. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. మొత్తం పెరిగితే నొప్పి పెరిగినట్టు. ఆరో రోజు కొంగు అంచు మళ్లీ ఆమె వేళ్ల మధ్యకు వచ్చింది.

మూడో వారం చేతులు మళ్లీ ఆగాయి. రెండు దగ్గర ఉన్న మార్కులు ఆరుకు పెరిగాయి. ఈసారి ఆ రోజే దవాఖానకు ఫోన్ చేశాను. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వచ్చి కడుపు బిగిసిందని తేలింది. మందు మార్చారు. రెండు రోజుల్లో కుదుటపడింది.

ఇప్పుడు బెల్టు తీసేశారు. లేపడానికి బాలమణి సాయం వస్తుంది. "ఇయ్యాల ఎన్ని కట్టలైనయక్కా?" అని ఆటపట్టిస్తుంది. రాజవ్వ చుడుతూనే ఉంటుంది.

ఆఫీసు రిజిస్టరులో తప్పు పడితే చెరిపేయకూడదు. పక్కన సరైనది రాసి సంతకం చేయాలి. ఆ పదకొండు "మంచి రోజు"ల పక్కన "నొప్పి" అని రాసి, ఒక్కోదాని కింద సంతకం చేశాను.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, బాగున్న రోజుల్లోనే వాళ్లు పొద్దంతా ఏం చేస్తుంటారో రాసి పెట్టుకోండి. అందులో ఏది ఆగినా, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.