బల్లకు ముందు శనివారం

నల్ల ద్రాక్ష ఉడుకుతుంటే ముందు తియ్యటి వాసన వస్తుంది, తరువాత కొంచెం వగరుగా మారుతుంది. మా సంఘంలో నెలకో ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన జరుగుతుంది. దాన్ని మేమంతా ఒక్క ముక్కలో ‘బల్ల’ అంటాం. దానికి రసం కాచే పని ఇప్పుడు నాది. ఈ శనివారం మధ్యాహ్నం గిన్నె మూత తీయగానే ఆవిరి ముఖానికి కొట్టింది. సువార్తమ్మ పెద్దమ్మ వెనకాల నిలబడి, “మంట తగ్గియ్యి బిడ్డా, తొందరపడితే అడుగంటుతది” అన్నట్టే అనిపించింది. ఈ పని ఆమెదే. ఆమె పోయాక నా చేతికి వచ్చింది.

కాజీపేటలో మా రెండిళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. ఆమె భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. భక్తి గురించి పెద్ద పెద్ద మాటలు ఆమెకు రావు. కీర్తన ఎత్తుకుంటే శ్రుతి ఏ ఊళ్ళో ఉందో ఆమెకే తెలియదు. కానీ బల్లకు ముందు శనివారం రసం కాచి, చల్లార్చి, కొంగు సవరించుకుని వీధిలోకి వచ్చేది. ఆ నెలలో ఎవరితోనైనా మాటపట్టింపు వచ్చిందనుకుంటే వాళ్ళ గడప ముందు నిలబడి, “నా మీద ఏమన్న ఉన్నదా నీ మనసుల? ఉంటే ఇప్పుడే అను. రేపు బల్లకు పోవాలె” అని అడిగేది. చర్చికి వచ్చేవాళ్ళా, గుడికి వెళ్ళేవాళ్ళా అన్న లెక్క లేదు. మూల మీద కిరాణం నడిపే శంకరయ్య సేటు ఆమెను దూరం నుంచే చూసి, “రేపు బల్లనట్టున్నది, సువార్తమ్మ బయల్దేరింది. మొన్న పప్పుల పురుగులున్నయని లొల్లి చేసె కదా, అందుకే వస్తాంది” అని భార్యతో అనేవాడు. పెద్దమ్మ నవ్వకుండా జవాబిచ్చేది. “పురుగులున్నది నిజమే సేటూ. పదిమంది ముందర అరుసుడు నా తప్పు.”

ఒకసారి నేను ఉండబట్టలేక, “మనసుల దేవుణ్ణి అడిగితే సాలదా పెద్దమ్మా, ఈ తిరుగుడెందుకు?” అన్నాను. “దేవునికి నా మనసు తెలుసు బిడ్డా. శంకరయ్యకెట్ల తెలుస్తది?” అంది.

ఆ రోజుల్లోనే నాకూ మా అక్క ఎస్తేరుకూ మాటలు పోయాయి. అక్కది పరకాల. కూతురి పెళ్ళి ప్రధానానికి అందరికీ పంపినట్టే నాకూ ఫోన్‌లో కార్డు పంపింది. పక్కన ఒక్క మాట లేదు. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి. ఎవరికే దండం పెడుతున్నావు, నేను నీ వెనక పుట్టినదాన్ని కాదా? నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలుచుకున్నా కాస్త మండుతుంది, అబద్ధమెందుకు. నేను పోలేదు. ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. చూస్తుండగానే పెళ్ళి దగ్గరపడింది. అమ్మానాన్నలు లేని మాకు ఒకరికి ఒకరమే పుట్టిల్లు. ఈ పెళ్ళికి కూడా వెళ్ళకపోతే ఇక ఆ గడప నాకు లేనట్టే. అంతా తెలుసు, అయినా పంతం.

పక్కింటిదాన్ని కాబట్టి మాటపట్టింపు ఉన్నా లేకున్నా నన్ను అడగకుండా ఆమె బల్లకు పోదు. పెళ్ళి ముందటి బల్లకు కూడా ఎప్పటిలాగే శనివారం సువార్తమ్మ పెద్దమ్మ వచ్చి అడిగింది. “నీ మీద ఏముంటది పెద్దమ్మా. నాకు ఎవ్వరి మీద ఏం లేదు” అన్నాను. ఆమె నా వంక చూసి ఏదో అనబోయింది. మళ్ళీ “సరే బిడ్డా” అని వెళ్ళిపోయింది.

మరునాడు ఆడవాళ్ళ వరుస లేచి ముందుకు కదిలింది. సువార్తమ్మ పెద్దమ్మ లేవలేదు. తాను కాచిన రసం ఎదురుగా ఉండగా, తలవంచుకుని చాప మీదే కూర్చుంది. ఎన్నడూ బల్ల తప్పని మనిషి. వెనకవాళ్ళు గుసగుసలాడారు. ఆరాధన అయ్యాక గేటు దగ్గర పట్టుకున్నాను.

“ఒంట్ల బాగలేదా పెద్దమ్మా?”

“బాగనే ఉన్న. నువ్వు మీ అక్కతోని మాట్లాడ్తలేవని నాకు ఎరుకే. నిన్న నీ గడపల నిలబడి కూడ అది తప్పని చెప్పకపోతి. చెప్తే నాతోని గూడ బంద్ జేస్తవని భయపడ్డ. నీకంటె నాకు నా మంచితనమే ఎక్కువైంది. దేవుడు నన్ను ఊరికె పలకరించిరమ్మని పంపిండా బిడ్డా? ఆ నోటితోని రొట్టె ఎట్ల తిందు?”

ముందు కోపం వచ్చింది. మా అక్క సంగతి నీకెందుకు అందామనుకున్నాను. కానీ ఆమె ముఖం అన్నం దొరకని మనిషి ముఖంలా ఉంది. ఇంటికి పోకుండా అటునుంచి అటే పరకాల బస్సెక్కాను.

తలుపు తీసిన అక్క నన్ను ఎగాదిగా చూసింది. “అన్నం పెట్టాల్నా, కొట్లాట మొదలువెట్టాల్నా?”

“రెండూ” అన్నాను.

తింటూనే కొట్లాడుకున్నాం. “బయటోళ్ళను పిలుస్తరే. నువ్వు ఇంటిదానివి, పనికి ముందుగాల్నే వస్తవనుకున్న. నువ్వు రాకపాయె. ఆ దినమంతా నా కండ్లు గేటు మీదనే” అంటూ అక్క ఏడ్చేసింది. “అనుకుంటే ఎట్ల తెలుస్తదే? ఒక్క ఫోన్ కొడ్తే నీ నోటి ముత్యాలు రాల్తయా?” అని నేనూ ఏడ్చాను. మధ్యలో పచ్చిపులుసు మాత్రం మళ్ళీ వేయించుకున్నాను. ఆ పెళ్ళిలో వంటవాళ్ళ దగ్గర నుంచి పందిరివాళ్ళ దాకా అందరినీ అదిలించింది నేనే.

తరువాతి బల్లకు సువార్తమ్మ పెద్దమ్మ నాకంటే ముందు లేచింది. అప్పటినుంచి ఆమె గడపల దగ్గర ఇంకో మాట కూడా కలిపి అడిగేది. “నేను నీకు చెప్పాల్సింది ఏమన్న దాసుకున్ననా?”

దేవుడు మన దగ్గర ఏం ఆశిస్తాడని ఎవరైనా అడిగితే నాకు తడుముకోవాల్సిన పని లేదు. ఆ రెండు ప్రశ్నలూ చెబుతాను. మొదటిది సులువు, నవ్వుతూ అడిగేయవచ్చు. రెండోదానికే కాళ్ళు వెనక్కి లాగుతాయి.

శంకరయ్య సేటు కోడలు సునీత నాకు మంచి స్నేహితురాలు. పెద్ద చదువులు చదివే ఆమె కొడుకు పట్టపగలే తాగి ఊగుతూ బండి నడపడం ఈ వారం నా కళ్ళతో చూశాను. చెబితే మా స్నేహం ఏమవుతుందోనని ఇన్ని రోజులూ నోరు మెదపలేదు. రసం దించి, వడకట్టి, మూతపెట్టి బయల్దేరాను.

తలుపు తీసి సునీత నవ్వింది. “ఏందక్కా, రేపు బల్లనా?”

“బల్లనే” అన్నాను చెప్పులు విడుస్తూ. “జర కూసో సునీతా. నీకొక మాట చెప్పాలె.”