పిండిమర చాటున కౌన్సెలింగ్

2008. ఎర్రగుంట్ల రైల్వే గేటుకు ఇవతల, సిమెంటు లారీలు బారులు తీరి ఆగే రోడ్డు మీద మాకు రెండు గదుల అంగడి ఉండేది. ఒక గదిలో మా ఆయన పిండిమర, పక్క గదిలో నా నెట్ సెంటరు. మధ్య గోడకు ఒక కిటికీ. పెళ్లయిన కొత్తలో ఆ కిటికీలోంచి ఆయన నన్ను చూడ్డానికి తొంగిచూసేవాడు. తర్వాత్తర్వాత చిల్లర కోసం మాత్రమే తొంగిచూసేవాడు.

నెట్ సెంటరంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. ఇళ్లలో కంప్యూటర్లు, చేతుల్లో ఇంతింత ఫోన్లు లేని రోజులవి. పరీక్షా ఫలితాలకూ, రైలు టికెట్లకూ, కువైట్లో ఉన్న మొగుళ్ల మొహం వెబ్‌క్యామ్‌లో చూసుకోవడానికీ అందరూ మా దగ్గరికే వచ్చేవారు. వెబ్‌క్యామ్ అంటే మానిటర్ నెత్తిన కూర్చునే కోడిగుడ్డంత కెమెరా. ఒక్కో కంప్యూటరుకు ఒక్కో చెక్క కేబిన్. మొదట్లో కేబిన్లకు తలుపులుండేవి. ఆ తలుపుల వెనక ఇంటర్మీడియట్ వెధవలు చదువుతున్న చదువేమిటో తెలిసిన రోజున నేనే స్క్రూడ్రైవర్ పట్టుకుని అన్ని తలుపులూ ఊడబీకాను. మంచి పని చేశానని ఊరంతా మెచ్చుకుంది. ఆ తలుపులు లేకపోవడమే ఈ కథకు మూలం.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఓబులేసు వచ్చాడు. అది అతని అసలు పేరు కాదు. ఇది రాస్తానని చెబితే, “నా పేరే రాయక్కా, నాకేం భయం” అన్నాడు. నేనే మార్చాను. సిమెంటు లారీ డ్రైవరు. మనిషి వస్తే గుమ్మం నిండిపోయేది. ముందు జిరాక్సు ఎంతని అడిగాడు. తర్వాత ఫ్యాను ఏ కంపెనీదని అడిగాడు. సెంటర్లో ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక అసలు మాట బయటపెట్టాడు.

“అక్కా, కంప్యూటర్లో డాక్టర్లు దొరుకుతారంట కదా.”

“ఏం డాక్టరప్పా?”

“మనసుకు చూసే డాక్టరు.” అని చెప్పి, నా మొహం చూడకుండా రోడ్డు వైపు తిరిగాడు.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాక మెల్లగా చెప్పాడు. గువ్వలచెరువు ఘాటు దిగుతుండగా అతని లారీకి బ్రేకులు పట్టలేదు. బండిని కొండవైపు రాళ్లకు ఒరిపించి ఆపాడు. ఎవరికీ గీటు కూడా పడలేదు. అందరూ శభాష్ అన్నారు. కానీ ఆ తర్వాత బండెక్కితే చాలు, గుండె దడ, చెమటలు, చేతులు చల్లబడిపోవడం. గుండెకు పరీక్షలన్నీ చేసిన డాక్టరు, గుండె గుండ్రాయిలా ఉంది, నువ్వు చూపించుకోవాల్సింది మనసు డాక్టరుకని పంపేశాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.

“మా ఓనరు మంచోడే అక్కా. కానీ ఉగాదికి గూడా నేను బండెక్కకుంటే వేరే డ్రైవర్ని పెట్టుకుంటాననె. స్టీరింగ్ తప్ప నాకేం రాదు. కడపకు పోయి చూపిచ్చుకుందామంటే ప్రతి టీ బంకు కాడా నన్ను ఎరిగినోళ్లే. ఓబులేసుకు పిచ్చి అని నాకంటే ముందే ఊరికి వచ్చేస్తాది మాట.”

నాకు జాలీ వేసింది, పట్టుదలా వచ్చింది. ఆ పూటే వెతకడం మొదలుపెట్టాను. అమెరికా సైట్లు బోలెడు వచ్చాయి. వాళ్ల ఇంగ్లీషు నాకే సగం అర్థం కాలేదు, ఇక ఓబులేసు సంగతి చెప్పనక్కర్లేదు. తర్వాత మన వైపు ఒకాయన దొరికాడు. “భయం, దిగులు, దుర్వ్యసనాలు మాయం” అని పేజీ నిండా రంగురంగుల అక్షరాలు. వెబ్‌క్యామ్‌లోకి టై కట్టుకుని వచ్చాడు. డబ్బు ముందే పంపాలన్నాడు. అప్పటిదాకా నోరు విప్పని ఓబులేసు నా చెవి దగ్గర గొణిగాడు.

“అక్కా, ఈయనకు లైసెన్సు ఉండాదేమో అడుగు. లైసెన్సు లేనోడికి నేనైతే బండి తాళాలియ్యను.”

మాటంటే అదీ మాట. మాది వ్యాపారం చేసే ఇల్లు. మూటలోంచి పిడికెడు తీసి చూడకుండా మిరపకాయలు కొనం. అడిగేశాను.

“నన్ను లైసెన్సు అడిగినవాళ్లు ఇంతవరకు లేరమ్మా” అన్నాడాయన.

“మేం అడుగుతాండాం కదా సార్” అన్నాను.

తెర నల్లబడింది. నెట్ పోయిందేమోనన్నాడు ఓబులేసు. నెట్ పోలేదు, సారే పోయాడు.

కొన్నాళ్లకు హైదరాబాదులో ఒక ఆసుపత్రి వాళ్ల పేజీలో వసుధ మేడమ్ పేరు కనబడింది. క్లినికల్ సైకాలజిస్ట్. అంటే మందులివ్వకుండా మాటలతో, అభ్యాసాలతో వైద్యం చేసే మనిషి అని అర్థం. ఈమెయిల్ పంపితే జవాబిచ్చింది, కెమెరాలోకి వచ్చింది. నేను మొహమాటపడుతూనే లైసెన్సు అడిగాను. ఆమె కోప్పడుతుందనుకుంటే పకపకా నవ్వింది.

“ఎంత మంచి ప్రశ్న అడిగారండీ. ఒక్క నిమిషం” అని లేచి, గోడకున్న సర్టిఫికెట్ ఫ్రేము ఊడదీసి కెమెరా ముందు పెట్టింది. మా నెట్ స్పీడుకు అక్షరాలు కాదు కదా, ఫ్రేము కూడా సరిగ్గా కనబడలేదు. అప్పుడామె రిజిస్ట్రేషన్ నంబరు చదివి వినిపించింది. ఈ పని చేసేవాళ్లు మన దేశంలో ప్రభుత్వ కౌన్సిల్‌లో రిజిస్టరై ఉండాలని, ఆ రిజిస్ట్రేషనే వాళ్ల లైసెన్సని, తన మాట నమ్మకుండా మమ్మల్నే ఫోన్ చేసి కనుక్కోమని చెప్పింది. ఫోన్ చేసి కనుక్కున్నాను. అన్నీ నిజమే.

మనిషిని ఎదురుగా చూడకుండా మొదలుపెట్టనని కూడా ఆమె గట్టిగా చెప్పింది. సరేనని ఓబులేసు రైలెక్కి హైదరాబాదు పోయి చూపించుకుని వచ్చాడు. ఇకనుంచి ప్రతి గురువారం నాలుగింటికి నా సెంటర్లో, కంప్యూటర్ ముందు అని నిర్ణయమైంది. అతని సంతోషం చూసి నేనూ పొంగిపోయాను.

మొదటి గురువారమే నా ప్రాణం పోయినంత పనైంది. జీవితమంతా ఇంజను రొదలో మాట్లాడినవాడు ఓబులేసు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తన గొంతు తనకే వినపడదు. ఇంకేముంది, “నమస్తే మేడమ్” అని ఒక్క కేక పెట్టాడు. రైల్వే గేటు కాడ సోడా బండివాడు తిరిగి చూశాడు. కేబిన్లకేమో తలుపుల్లేవు. మెల్లగా, మెల్లగా అని నేను సైగలు చేస్తూనే ఉన్నాను. ఎవరికీ తెలియకూడదనే కదా ఈ పాట్లన్నీ.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయనకు చెప్పాను. గురువారం నాలుగింటికి మర వేసి ఉంచితే ఆ రొదలో ఇతని గొంతు కలిసిపోతుంది కదా అన్నాను. ఆయన కంచంలోంచి తలెత్తాడు.

“ఉత్త మర వెయ్యమంటావా? రాళ్లు ఒకదాన్నొకటి తినేస్తాయి. ఎవరన్నా గింజలు తెస్తే ఆడిస్తా. ఉత్త మర మాత్రం వెయ్యను.”

ఆయనకు మర రాళ్లంటే పంచప్రాణాలు. కాబట్టి ఆయనే ఒక ఉపాయం వేశాడు. గురువారం సాయంత్రం కరెంటు వోల్టేజీ బాగుంటుంది, ఆ పూట ఆడిస్తే పిండి మెత్తగా వస్తుందని ఊరంతా పుకారు పుట్టించాడు. అంత మాట పిండిమర శెట్టి నోట వచ్చాక ఎవరు ఊరుకుంటారు? మరుసటి గురువారం నాలుగయ్యేసరికి జొన్నలు, రాగులు, మిరపకాయలతో వీధిలోని ఆడవాళ్లంతా మా అంగడి ముందు వరుస కట్టారు. మాట బయటికి పోకూడదని మేం వేసిన ఎత్తు, వినే చెవులన్నింటినీ తెచ్చి గోడ పక్కనే నిలబెట్టింది. అప్పుడు ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. మర గడగడలాడుతుంటే మా తెలివికి మేమే మురిసిపోయాం.

ఆ వరుసలో అందరికంటే ముందు నాగమ్మత్త. ఆమె నోటికి జడవనివాళ్లు మా వీధిలో లేరు. ఎవరింట్లో కూర మాడినా ఆమెకు తెలిసిపోయేది.

మేడమ్ చెప్పిన అభ్యాసాలు వినడానికి చాలా సులువుగా ఉండేవి. ముందు బండి దగ్గరికి పోయి తలుపు మీద చెయ్యి పెట్టి రావాలి. తర్వాత ఎక్కి కూర్చుని, ఊపిరి నిదానంగా తీసుకుంటూ, దడ తగ్గేదాకా దిగకుండా ఉండాలి. ఆ తర్వాత ఇంజను వెయ్యాలి. భయం వచ్చినప్పుడల్లా పారిపోతే అది పెరుగుతుందని, దాని పక్కనే కూర్చుంటే కాసేపటికి అదే నీరసపడుతుందని ఆమె చెప్పేది.

బండెక్కి కూర్చోవాల్సిన వారం వచ్చింది. గురువారం ఓబులేసు హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట మొదలుపెట్టాడు. మర ఆడుతోంది. తన గొంతు తనకు వినపడక అతను ఇంకా గట్టిగా అరుస్తున్నాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. మర టక్కున ఆగింది. నా కంప్యూటర్లు మాత్రం ఆగలేదు. వాటికి యూపీఎస్ ఉంది, అంటే కరెంటు పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ. చెవులు మూసుకుపోయి ఉన్న ఓబులేసుకు ఇదేమీ తెలియదు.

“బండెక్కి కూర్చుంటి మేడమ్. శానా భయమేసింది. స్టీరింగ్ పట్టుకోని ఏడిస్తి. మా యమ్మ సచ్చిపోయినప్పుడు గూడా నేను అంతగా ఏడ్చల్యా మేడమ్.”

ఆ కేక వీధి వీధంతా వినబడింది. మా ఆయన కిటికీలోంచి నన్ను చూశాడు. ఆ చూపు చిల్లర కోసం కాదు. నేను పరుగెత్తి ఓబులేసు భుజం తట్టాను. హెడ్‌ఫోన్ తీసి వెనక్కి తిరిగాడు. గుమ్మంలో నాగమ్మత్త, ఆమె వెనక డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్లందరూ.

“మిషను ఎప్పుడాగింది అక్కా?” అని మెల్లగా అడిగాడు. ఆ కేబిన్లో కూర్చుని అతను అంత మెల్లగా మాట్లాడ్డం అదే మొదటిసారి. అయిపోయింది, ఇక ఈ మనిషి ఈ గడప తొక్కడు, బండీ ఎక్కడు అనుకున్నాను.

నాగమ్మత్త డబ్బా కింద పెట్టింది.

“అబ్బీ, ఏడిస్తివి సరే. దిగి పారిపోతివా, ఆడనే కూర్చుంటివా? అది చెప్పు.”

“కూర్చుంటినత్తా.”

“ఎంతసేపు?”

“భయం పొయ్యేదాకా.”

“మరి ఇంకేం. ఆ మాట ఆ మేడమ్‌కు చెప్పు. పాపం ఆయమ్మ ఎదురుచూస్తాంది.” అని వెనక్కి తిరిగి, “మీకేం పనీపాటా లేదా? జరగండి అవతలికి” అని అందర్నీ రోడ్డు మీదికి తోలేసింది.

అప్పుడు నవ్వు ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. ఓబులేసు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. తెరమీద మేడమ్ మాత్రం నవ్వలేదు. ఇటువంటి మాటలు నలుగురిలో జరగకూడదని నాకు బాగా గడ్డి పెట్టింది. మర్నాడే ఒక కంప్యూటర్ని అంగడి వెనక మిరపకాయల మూటలు వేసుకునే చిన్న గదిలోకి మార్చి, తలుపు బిగించాను. తర్వాతి వారాల్లో ఓబులేసు చెప్పిన మాటలకంటే తుమ్మిన తుమ్ములే ఎక్కువ.

పిచ్చి అన్న మాట ఊళ్లో ఒక్కసారి కూడా పుట్టలేదు. అతను వస్తుంటే ఆడవాళ్లు, “ఈ వారం ఏం పనిచ్చె మేడమ్?” అని అడిగేవారు. ఇంజను వేశానంటే సంబరపడేవారు. యార్డులో ఒక చుట్టు తిప్పానన్న రోజున నాగమ్మత్త అతనికి బొరుగులు, బెల్లం తెచ్చి పెట్టింది. “ఇన్నాళ్లూ ఎవురికీ చెప్పకుండా ఎట్ల మోసినావప్పా” అని కోప్పడింది.

ఉగాదికి ముందు గురువారం. నాలుగైంది, ఓబులేసు రాలేదు. తెరమీద మేడమ్ వచ్చి కూర్చుంది. ఓనరు అతనికి ఆ పొద్దున సిమెంటు లోడు ఇచ్చాడని మాకు తెలుసు. రాయచోటికి. అంటే అదే ఘాటు, పోతూ ఎక్కాలి, వస్తూ దిగాలి. నేను గదిలోకీ గుమ్మంలోకీ తిరుగుతూనే ఉన్నాను. మా ఆయన మర ఆపేసి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు.

రైల్వే గేటు వేసి ఉంది. గేటుకు అవతలి నుంచి ఒక హారన్ మోగింది. ఆ రాగం హారన్ ఎర్రగుంట్లలో ఒక్క బండికే ఉంది. నేను వెనక గదిలోకి పరుగెత్తి, మైకు వైరు తెగితే తెగనీ అని ఆ గది కిటికీ దాకా లాగి పట్టుకున్నాను. “వినండి మేడమ్, వినండి” అన్నాను. గేటు లేచింది. ఓబులేసు మా అంగడి ముందు బండి ఆపి, మళ్లీ ఆపకుండా హారన్ కొట్టాడు. మేడమ్‌కు లారీ కనబడలేదు, ఆ మోత మాత్రం వినబడింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

“గేటు పడింది మేడమ్, దాంతోనే ఆలీసం. ఘాటు కాడ ఏం కాలేదు” అని లోపలికి వస్తూనే అరిచాడు ఓబులేసు. ఈసారి ఎవరూ “మెల్లగా” అనలేదు.

ఈ వ్యవహారంతో నేను నేర్చుకున్నవి రెండు. లైసెన్సు అడిగితే అసలైన వైద్యులు సంతోషిస్తారు. రెండోది నేర్పింది నాగమ్మత్త. అది ఉగాది అయిపోయాక, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం. అంగట్లో ఎవరూ లేరు. ఆమె వచ్చి నిలబడింది, చేతిలో ఖాళీ డబ్బా. ఫ్యాను ఏ కంపెనీదని అడిగింది. జిరాక్సు ఎంతని అడిగింది. ఓబులేసు మొదటిరోజు అడిగినవే. మోసే బరువు ఆమెకూ ఉందని నాకు అర్థమైపోయింది.

“మేడమ్‌తో మాట్లాడిపిస్తానత్తా. వెనక గది ఉంది, తలుపు ఉంది. ఎవరికీ వినపడదు.”

“నా గొంతు నీకు తెలీదా మేయ్. మీ ఆయన్ను మిషను వెయ్యమను.”

మా ఆయన కిటికీలోంచి ఆమె చేతిలోని ఖాళీ డబ్బా చూశాడు. లేచి వెళ్లి, ఉత్త మర వేశాడు.