కడిగి నాటిన సాలు

రెంజల్ వైపు ఒక ఊళ్లో, పందొమ్మిది వందల అరవైల చివర, ఒక అవ్వ చెరకు తోట ఎండిపోయింది. ఇది నేను కళ్లారా చూశాను. గడను నిలువునా చీలిస్తే లోపలి గుజ్జు మట్టిరంగుకు తిరిగి, నడుమ బోలుగా ఉంది. ఎండు తెగులేనని సూక్ష్మదర్శినిలో కూడా సరిచూసుకున్నాను. మరుసటి పంట నిలిచింది, ఇదీ నిజం. నాటే ముందు గడకు పట్టించిన మందే దాన్ని నిలబెట్టిందన్నది మాత్రం బోధన్ సంతలో పదిమంది నోట విన్న మాట. ఆ మందు తెచ్చి ఇచ్చింది నేనే అయినా, దాన్ని ఇప్పటికీ వినికిడి కిందే ఉంచుతాను.

తెగుళ్లు చూడడానికి ఊళ్లు తిరిగే ఉద్యోగం నాది. అవ్వకున్నది ఆ ఒక్క పొలమే. మళ్లీ ఎండితే దాన్ని కౌలుకిచ్చి, కొడుకు వెంట నిజామాబాద్‌కు కూలికి పోవాలని అప్పటికే అనుకున్నారు.

తెగులు లేని తోట నుంచి విత్తనపు గడ తెమ్మన్నాను. నీరు నిలవకుండా కాలువ తీయమన్నాను. గడ ముక్కలను పాదరసపు మందు కలిపిన నీళ్లలో ముంచి నాటమన్నాను. అన్నిటికీ ఒప్పుకున్నారు. ఒక్క సాలు మాత్రం ముంచకుండా నాటమని కూడా అడిగాను. పక్కన పోలిక లేకపోతే మందు పనిచేసిందో లేదో ఎవరూ చెప్పలేరు. అవ్వ నన్ను కాసేపు జాలిగా చూసింది.

“నీ పరీక్షకు నా సాలు ఎండాల్నా సారూ? ఇంట్ల అందరికీ మందు పోసి, ఒక్కనికి పొయ్యకుండ కూసుంటమా?”

శాస్త్రం నావైపే ఉంది. కానీ ఎండితే పోయేది నా పొలం కాదు. మళ్లీ అడగలేదు.

నాటే రోజు నేను చేరేసరికి మొదటి సాలు అయిపోయింది. మొదటి సాలు ముక్కలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మొక్కి నాటడం ఆ ఇంటి ఆనవాయితీ. మందులోంచి తీసిన ఆ ముక్కలను అవ్వ ముందుగా మంచినీళ్లతో శుభ్రంగా కడిగిందని అప్పుడే తెలిసింది. ఎందుకు కడిగావని అడిగితే, నా ప్రశ్నే ఆమెకు వింతగా తోచింది.

“మొకం కడగకుండ బొట్టెట్ల పెడుతం బిడ్డా?”

“మా అవ్వ మందుకే తానం పోసింది సారూ,” అని గట్టు మీదున్న కొడుకు నవ్వాడు.

కడిగిన నీళ్లు గొడ్ల నోట పడకుండా గుంటలో పోయించి పూడ్పించాను. కోరిన పోలిక మళ్లీ అడగకుండానే దొరికిందని లోలోపల సంతోషించాను కూడా.

వానలు వెనకబట్టాక వెళ్లి చూస్తే తోటంతా పచ్చగా ఉంది. కడిగిన సాలూ అంతే పచ్చగా ఉంది. అవ్వ అందులోంచే ఒక గడ విరిచి, నా ముందే చీల్చింది. లోపల తెల్లగా ఉంది. నీ మందు గొప్పదని ఆమె అంది. బొట్టు గొప్పదని కొడుకు అన్నాడు. కౌలు మాట ఇద్దరూ ఎత్తలేదు.

మందే కాపాడితే కడిగిన సాలు ఎందుకు ఎండలేదు? కడిగినా కొంత మందు అంటుకుని ఉండవచ్చు. మంచి గడా, కాలువా చాలి ఉండవచ్చు. ఆ సాలు నీరు నిలవని మెరకన ఉంది. అదీ కారణం కావచ్చు. తేల్చాలంటే అదే నేలలో మరో సాలును మందు లేకుండా నాటి చూడాలి. ఆ పొలం తప్ప వేరే ఆధారం లేని మనిషిని ఆ మాట రెండోసారి అడగలేకపోయాను. అందుకే అది తేలలేదు.